నలభై ఎనిమిది నిమిషాల దూరం

చక్రాలు నేల వదిలిన క్షణాన లెక్కల టీచరు చేతి గడియారం చూసుకుంది. పది గంటల పన్నెండు నిమిషాలు. అంటే సరిగ్గా పదకొండు గంటలకు అవతలి ఊళ్లో దిగాలి. టికెట్టు కౌంటరు వెనక గోడకు వేలాడే పట్టికలో అలాగే రాసి ఉంది, దూరం రెండు వందల ముప్పై ఆరు కిలోమీటర్లు, ప్రయాణ కాలం నలభై ఎనిమిది నిమిషాలు అని. గంటకు రెండు వందల తొంభై ఐదు కిలోమీటర్ల వేగమని వరుసలో నిలబడినప్పుడే ఆమె తేల్చేసింది. స్కూల్లో ఒక పీరియడు నలభై ఐదు నిమిషాలు. ఒక పీరియడు, దానిమీద ఇంకో మూడు నిమిషాలు, అంటే ఒక టీచరు చేతులకంటిన సుద్ద దులుపుకుని బయటికి పోయి ఇంకో టీచరు లోపలికి వచ్చేంతసేపు. అమ్మ చావుబతుకుల్లో ఉంటే అక్క రావలసిన దూరం ఇంతే. ఇంతకే రాలేకపోయింది మహాతల్లి. విమానం ఒక పక్కకు ఒరిగింది, ఇది ఆమెకు మొదటి విమాన ప్రయాణం. ముందు సీటుకు మోకాళ్లు ఒరుసుకుంటున్నాయి, పైలటు మెడ మీది వెంట్రుకలు కనిపించేంత చిన్న విమానం, తొమ్మిది సీట్లు, ఎక్కడో ఒక రేకు ఆగకుండా టపటపమంటోంది. మరొకరైతే కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకునేవారు. ఆమె అక్కను తలుచుకుంటోంది. భయపడ్డానికైనా మనసులో కాస్త చోటుండాలి కదా, పది నెలలుగా అక్కడ అక్క తప్ప ఇంకెవరూ లేరు.

ఒళ్లోని చేతిసంచిని మరోసారి తడిమింది. అందులో లాగరిథమ్స్ పుస్తకం, పుస్తకం మధ్యలో నాలుగు మడతల కాగితం. పది నెలల కిందటి ఆ గురువారం ఇదే విమానం అక్కడినుంచి ఇక్కడికి వచ్చినప్పుడు ఎక్కినవాళ్ల జాబితా అది. ఐదు పేర్లు. తొమ్మిదిలో ఐదు పోతే నాలుగు. ఒకటో తరగతి పిల్లాడు వేళ్లు మడిచి చెబుతాడు. ఆ సాయంత్రం అక్క ఫోన్లో ఏమంది? "చోటు లేదన్నారే. సోమవారం వస్తా" అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రాలేక విమానం నిండిందట. అక్కడికి దిగగానే ఏమనాలో ఆమె దగ్గర సిద్ధంగా ఉంది, మూడు వారాలుగా స్నానం చేస్తూ, పేపర్లు దిద్దుతూ, బస్టాపులో నిలబడి సానబట్టిన మాట, పరీక్షలో ఇచ్చే ప్రశ్నలా. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దూరం రెండు వందల ముప్పై ఆరు కిలోమీటర్లు. విమానం గంటకు రెండు వందల తొంభై ఐదు కిలోమీటర్ల వేగంతో పోతుంది. అందులో సీట్లు తొమ్మిది, ఎక్కినవాళ్లు ఐదుగురు. అయితే ఒక కూతురు తల్లి దగ్గరికి చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది? అక్కడే, సామాన్లు మోసేవాళ్ల ముందు, బావ వస్తే బావ ముందు, గొంతు పెంచకుండా అడగాలి. తర్వాత కాగితం విప్పి చూపించాలి. ఇక అక్క ముఖం చూస్తూ నిలబడాలి. ఊరందరి కళ్లూ పరీక్ష చేసి అద్దాలమ్మే మనిషి, ఆ మనిషి కళ్లు ఎటు తిప్పుకుంటుందో చూడాలి. తిరుగు టికెట్టు కూడా ఇదే విమానానికి తీసుకుంది, అరగంటలో వెనక్కి బయలుదేరుతుంది. అక్క ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదలుచుకోలేదు.

కింద కొండలు, వాటి మధ్య సన్నగా నది, నది మీద ఎక్కడో ఆ వంతెన ఉండాలి, ఇప్పుడు మళ్లీ కట్టారట. ఆ వానలకి అది కొట్టుకుపోయి రెండు వారాలు రోడ్డు మూసేశారు. ఊరికి మిగిలింది ఈ విమానమొక్కటే, సోమవారం, గురువారం. ఆ రెండు వారాల్లోనే అమ్మ కిడ్నీలు చేతులెత్తేశాయి. పది మంచాల ఆసుపత్రి, ఒకే ఒక్క డయాలిసిస్ మిషను, దానికి పోసే మందునీళ్ల క్యాన్లు అయిపోవచ్చాయని నర్సు చల్లగా చెప్పింది. అప్పుడు కాలుగాలిన పిల్లిలా తిరిగింది తనే, అక్క కాదు. అవతలి ఊళ్లో సరుకున్న కొట్టును పట్టుకున్నదీ తనే, గురువారం విమానంలో ముప్పై రెండు క్యాన్లు దింపించుకున్నదీ తనే, జీపులోకి రెండేసి చొప్పున మోసిందీ తనే. మోసి మోసి అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఆ కథ స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పిన ప్రతిసారీ హెడ్మిస్ట్రెస్ "కూతురంటే నువ్వమ్మా" అనేది, అన్న ప్రతిసారీ ఆమె "ఇంకో కూతురు కూడా ఉందండి" అని, మిగతాది వాళ్లనే పూరించుకోమని వదిలేసేది. క్యాన్లు దిగాయి, ఐదుగురు మనుషులు దిగారు, అక్క దిగలేదు. విమానం తలుపు మూసేదాకా ఆమె చూస్తూనే ఉంది.

అమ్మ ఇంకో మూడు రోజులు బతికింది. మంచం పక్క స్టూలు మీద తను, ఎదురుగా తలుపు. ఆ తలుపుకి కింద మూల రంగు ఊడింది, కిర్రుమని తెరుచుకునేది. తెరుచుకున్నప్పుడల్లా అమ్మ తల ఎత్తేది. నర్సు. అన్నాల బండి. ఊడ్చే మనిషి. మళ్లీ నర్సు. "పెద్దదేనా?" అని అడిగేది అమ్మ, ప్రతిసారీ అదే ప్రశ్న, పక్కన కూర్చుని కాళ్లు పడుతున్న చిన్నదాని చెయ్యి అమ్మకు కాలికి కట్టిన కట్టులా అలవాటైపోయింది. ముప్పై ఏళ్లు అమ్మను కనిపెట్టుకుని ఉన్నది తను, పెళ్లి కూడా వాయిదా వేసి వేసి చివరికి మరిచిపోయింది తను, అమ్మ తలెత్తి చూసింది మాత్రం పెద్దదాని కోసం. అది కూడా అక్క ఖాతాలోనే వేసింది. ఆదివారం తెల్లవారుజామున అమ్మ తల ఎత్తడం మానేసింది. సోమవారం విమానంలో అక్క దిగింది, ఇల్లంతా చుట్టాలు, అక్క గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగా ఆమె అందరికీ వినపడేలా అంది, "ఇప్పుడు దారి తెలిసిందా?" అని. అక్క ఏదో చెప్పడానికి నోరు తెరిచింది, తెరిచిన నోరు మూసుకుంది, తేలు కుట్టిన దొంగలా. ఆ తర్వాత గురువారం విమానం దాకా మూడు రోజులూ అక్క అంట్లు తోమింది, బట్టలు ఉతికింది, ఒక్క మాట మాట్లాడలేదు. పినతల్లి ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లి "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే, ఊరుకో" అంది. పడనీ అంది ఆమె. పడితే ఎవరి కాళ్ల మీద పడుతుందో చూద్దాం.

గడియారం చూసింది. పది ముప్పై నాలుగు. ఇరవై రెండు నిమిషాలు అయిపోయాయి, ఇరవై ఆరు మిగిలాయి. కాగితం దొరికినరోజు ఆమెకు రాత్రి జ్వరమొచ్చినంత పనయింది, సంతోషంతో. విమానాల ఆఫీసులో గుమాస్తా ఆమె దగ్గర చదివినవాడే, పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి మూడోసారి ఆమె చలవతో గట్టెక్కినవాడు, ఇప్పుడు బట్టతల, ఇద్దరు పిల్లలు, అయినా ఆమెను చూస్తే ఇప్పటికీ చేతులు వెనక్కి కట్టుకుంటాడు. "ఇది బయటికి ఇవ్వకూడదు టీచర్" అన్నాడు. "నేనేమన్నా బయటిదాన్నా?" అంది. ఇచ్చాడు. ఇచ్చి, "దీనికి జతగా ఇంకో కాగితం ఉంటుంది టీచర్, సామాన్లది, అది కూడా చూస్తే..." అని నసిగాడు. "సామాన్లు నాకెందుకు నాయనా, నాకు మనిషి కావాలి" అని సంచీ మూసేసింది. వాడు ఇంకేదో అనబోయాడు. వాడెప్పుడూ అంతే, సమాధానం దగ్గరికొచ్చి నసుగుతాడు, అందుకే రెండుసార్లు తప్పాడు.

ఎండ రెక్క మీద పడి కళ్లలో గుచ్చింది. మొహం తిప్పుకుంటే వెనక సీట్లు కనిపించాయి, మూడు ఖాళీ. వాటి వెనక వల కట్టి బిగించిన పెద్ద చెక్కపెట్టె, మంచినీళ్ల సరఫరా మోటారు ఉందట అందులో. దాని మూలంగానే ఇందాక తూకం దగ్గర గొడవ. ప్రతి మనిషినీ సంచీతో సహా కాటా మీద నిలబెట్టారు, ఆమెను కూడా, అరవై ఒకటి అని పైకి చదివాడు కాటా దగ్గరి గుమాస్తా, యాభై రెండేళ్ల ఆడమనిషి బరువు ఊరందరికీ వినపడేలా చదువుతారా ఎవరైనా, తర్వాత లిఫ్టులు బాగుచేసే ఒకాయన ఎక్కబోతే ఆపేశారు. "అదేంటయ్యా, సీట్లు ఖాళీగా కనపడుతుంటే!" అని ఆయన కేకలు. "సీట్లున్నాయి సార్, బరువు లేదు" అన్నాడు గుమాస్తా, అని గోడమీది రాత చూపించాడు, మొత్తం ఎనిమిది వందల ఇరవై కిలోలు మించరాదు. ఆ గొడవతో ఆరు నిమిషాలు ఆలస్యమవుతోందని ఆమె పళ్లు నూరుకుంది. ఆయన మీద జాలి కూడా కలగలేదు. సీట్లున్నాయి, బరువు లేదు. ఏం మాట. సీటంటే చోటు కాదా. చోటు లేదన్నారే. చోటు లేదన్నారే అంది అక్క, సీటు లేదనలేదు. ఆమె సంచీ పట్టీని బిగించి పట్టుకుంది. వద్దు, ఇటు పోవద్దు. కింద కొండలు చూడు, పచ్చగా ఎంత బాగున్నాయో, అది నదేనా, రోడ్డా. క్యాను బరువు పన్నెండు కిలోలు. చేతులకు తెలుసు ఆ బరువు. ముప్పై రెండు పన్నెండ్లు మూడు వందల ఎనభై నాలుగు. ఆపుదామనుకుంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన బుర్ర మధ్యలో ఆగదు. ఎనిమిది వందల ఇరవైలోంచి మూడు వందల ఎనభై నాలుగు తీసేస్తే నాలుగు వందల ముప్పై ఆరు. మనిషికి సంచీతో కలిపి ఎనభై ఐదు చొప్పున ఐదుగురికి నాలుగు వందల ఇరవై ఐదు. మిగిలింది పదకొండు. పదకొండు కిలోలు. అక్క పదకొండు కిలోలున్నది ఏ రెండేళ్ల వయసులోనో, అప్పటికి తను పుట్టనైనా లేదు.

తప్పు, ఎక్కడో తప్పు పోయింది, మళ్లీ చేసింది. క్యాను పదకొండున్నర వేసింది, మనుషుల్ని బక్కపలచగా చేసి ఎనభై వేసింది, అంకెల్ని బతిమాలుకుంది. ఎలా చేసినా ఇంకో మనిషికి బరువు మిగల్లేదు. నాలుగు సీట్లలో క్యాన్లే కూర్చున్నాయి. వాటిని ఎక్కించిందెవరు? ఆ బుధవారం విమానాల ఆఫీసులో బల్ల గుద్ది ఆమె అన్న మాట ఉంది, స్టాఫ్ రూము కథలో అదే పసందైన చోటు, అక్కడికి రాగానే అందరూ ముందుకు వంగి వినేవారు. "ఇప్పటికే టికెట్లన్నీ అమ్మేశాం టీచర్, తొమ్మిది మందీ ఉన్నారు" అని ఆమె దగ్గర చదివిన ఆ గుమాస్తానే అంటే, "ఎవర్నైనా దింపుకోండి, నాకు సంబంధం లేదు, క్యాన్లు రావాలి" అంది ఆమె. ఎవర్నైనా దింపుకోండి. వాడికి తెలుసు. అందుకే నసిగాడు కాగితం ఇస్తూ. వాడి చెంప పగలగొట్టాలి, టీచరు అడిగినదానికంటే ఎక్కువ చెప్పకూడదని ఎవరు నేర్పారు వాడికి? ఆమే నేర్పింది. అక్కని అనాలి, ఒక్క మాట, "నీ క్యాన్లే నా చోటు తిన్నాయే" అని ఒక్క మాట అంటే పోయేదా, ఆ ఒక్క మాట లేక పది నెలలు ఆమె నిప్పుల మీద పడుకుంది, నిద్రలో కూడా పళ్లు నూరి ఒక పన్ను విరగ్గొట్టుకుంది. కోపం ఇంకా ఉంది, వేడిగానే ఉంది, పెట్టడానికి చోటే లేదు. క్యాన్ల మీద పెట్టింది, నిలవలేదు. అమ్మ మీద పెట్టబోయింది, పెద్దదేనా పెద్దదేనా అన్న అమ్మ మీద, అక్కడా నిలవలేదు. ఎక్కడ పెట్టినా తిరిగొచ్చి ఒళ్లో కూర్చుంటోంది.

విమానం దిగడం మొదలుపెట్టింది, చెవులు మూసుకుపోయాయి, రేకు చప్పుడు దూరమైంది. పది యాభై ఒకటి. ఇంకా తొమ్మిది నిమిషాలు. చాలవు. ఇంత దగ్గరగా ఎవరు పెట్టారు ఈ ఊళ్లను, ఆ కొండల రోడ్డు మీదుగా అయితే ఒక రోజంతా పట్టేది, ఒక రోజులో ఏదో ఒకటి అల్లుకునేది. సరే, అక్కది తప్పు లేదు, పోనీ, దిగి కాళ్ల మీద పడి ఏడిస్తే సరి, అక్కాచెల్లెళ్లు ఏడవకూడదా, ఏడ్చి ఇంటికి వెళ్లి... చెవులు మూసుకుపోయిన ఆ నిశ్శబ్దంలో ఫోన్ మోగింది. ఇప్పుడు కాదు, అప్పుడు. శుక్రవారం సాయంత్రం. స్టూలు కింద, చెప్పుల పక్కన పెట్టిన ఫోను. "అమ్మకి ఒక్కసారి ఇవ్వవే" అంది అక్క. అమ్మ కళ్లు తెరిచే ఉంది, తలుపు వైపు చూస్తోంది, పెదవులు తడారిపోయి ఉన్నాయి కానీ మాట స్పష్టంగానే ఉంది, రెండు నిమిషాల కిందటే మంచినీళ్లు అడిగింది. ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టడానికి చెయ్యి చాపితే చాలు. మూరెడు దూరం. "నిద్రపోతోంది" అంది ఆమె. మనిషి రాలేదు కానీ గొంతొస్తుందా, రానీ, వచ్చి చూడనీ, అప్పటిదాకా ఎండనీ అనుకుంది. ఎంత హాయిగా ఉందో ఆ మాట అన్నప్పుడు, దాహానికి చల్లటి నీళ్లు తాగినట్టుంది. శనివారం కూడా అదే మాట అంది, అప్పుడు అమ్మ నిజంగానే నిద్రలో ఉంది, అందుకని రెండిటినీ కలిపి నిజమే చెప్పానని సర్దేసుకుంది. పది నెలలుగా మనసును అటు వెళ్లనివ్వలేదు. అక్క మీద పగ అంత ఎత్తుగా పేర్చుకున్నది ఎందుకో, దాని వెనక ఏముందో, ఇప్పుడు అది కూలిపోయాక కనిపించింది. ఇది అక్కకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలిసిన ఇంకో మనిషి పోయింది. చెప్పకపోతే ఇది ఎప్పటికీ లేనట్టే. చక్రాలు నేలను తాకి ఒకసారి ఎగిరి మళ్లీ తాకాయి.

ఇనుప కంచె అవతల అక్క ఒక్కతే నిలబడి ఉంది. బావ రాలేదు. జుట్టు పాపిట దగ్గర పూర్తిగా నెరిసింది, మెడ కాస్త ముందుకు వంగింది, అమ్మకు వంగినట్టే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దూరం అని మొదలుకావలసిన వాక్యం నాలుక మీదికి రాలేదు.

"ఆ రోజు క్యాన్ల కోసం నిన్ను దింపేశారా?" అంది.

అక్క ఆమె ముఖంలోకి చూసింది.

"దింపలేదు. నలుగురు దిగాలన్నారు. నాది ముందే కొన్న టికెట్టు, నన్ను దిగమనలేదు. నాలుగో ఆయన దిగనని మొండికేస్తే ఏడు క్యాన్లు ఆపేస్తామన్నారు. ఎవరికా అని చూస్తే క్యాన్ల మీద నీ పేరుంది. నేనే దిగా."

"చెప్పొచ్చు కదా అక్కా."

"చెబుదామనే వచ్చా. గుమ్మంలో అందరి ముందూ అన్నావు చూడు ఆ మాట, అప్పుడు మానేశా." గొంతు పెంచలేదు అక్క, కొట్లో అద్దాల నంబరు చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. "లెక్కల టీచరువి కదా, ఏదో ఒక రోజు నీకే తడుతుందిలే అనుకున్నా. తట్టిన రోజు నీ మొహం ఎలా ఉంటుందో నా కళ్లతో చూడాలనుకున్నా. పది నెలలు దానికోసమే కాచుక్కూచున్నా. వస్తున్నానని నువ్వు కబురు పెట్టినప్పుడు కూడా ఇంకా తట్టలేదని తెలిసిపోయింది, ఎంత ఉడికిపోయానో."

కళ్లద్దాలు తీసి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఇటు వెలుగులోకి తిరుగు. సరిగ్గా చూడనీ."

ఆమె తిరిగింది. ఎండ సూటిగా ముఖం మీద పడింది. అక్క తొందరపడకుండా చూసింది, నుదురు, కళ్లు, గడ్డం. ఆమె కదల్లేదు, కళ్లు దించుకోలేదు. చూడనీ అనుకుంది, ఇది అక్కకు రావలసినదే. వెనక ఎవరో తిరుగు విమానానికి మనుషుల్ని పిలుస్తున్నారు.

"చాలు," అంది అక్క చివరికి. ఆ ఒక్క మాట అన్నాక భుజాలు దిగిపోయాయి, ఎంతో కాలంగా మోస్తున్నది దించుకున్నట్టు. చెయ్యి చాపింది. "సంచీ ఇలా ఇవ్వు. ఇంటికి పద, ఎండగా ఉంది."

ఆ చెయ్యి అందుకుంటే సరిపోయేది. ఆమె సంచీ ఇవ్వలేదు.

"ఇంకోటుంది అక్కా," అంది. "ఆ శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు అమ్మ మెలకువగానే ఉంది."